ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు. బాబు రాత్రంతా ఏడుస్తున్నాడు, నొప్పో భయమో తెలియడం లేదు

కావలి అమ్మ | మే 19, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. మా బాబుకి పదిహేనేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కండరాలు మాట వినవు, రెండు కాళ్ళూ బిగుసుకుపోయి ఉంటాయి. "మ్మ", "నా" అని రెండు శబ్దాలు తప్ప మాటలు రావు. కానీ మనం మాట్లాడేదంతా అర్థమవుతుంది. మే 10న మోకాళ్ళ వెనక నరాలు, మడమ నరాలు వదులు చేసే ఆపరేషన్ రెండు కాళ్ళకీ ఒకేసారి చేశారు. తొడ నుంచి పాదం దాకా పిండికట్టు. ఆరు వారాలు ఉంచాలన్నారు. మూడు రోజుల కిందట ఇంటికి తెచ్చుకున్నాం.

పగలు ఫర్వాలేదు. రాత్రి పదకొండు దాటిందంటే గంటకోసారి ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడు. నొప్పి సిరప్ పోస్తే ఒకసారి తగ్గుతుంది, ఒకసారి తగ్గదు. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే "ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉంటుందమ్మా" అని పెట్టేశారు. ఎక్కడ నొప్పి అని అడిగితే చెప్పలేడు కదా వాడు.

ఆపరేషన్‌కి ముందు మోకాళ్ళు వంచుకునైనా వాకర్ పట్టుకుని ఇంట్లో తిరిగేవాడు. పొద్దున మా అత్తయ్య "నడిచే బిడ్డని తీసుకెళ్ళి మంచాన పడేసి తెచ్చారు" అంది. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పొరపాటు చేశామా?

ఒంగోలు వదిన | మే 20, ఉదయం 5:35

చెల్లీ, ముందు ఇంత అన్నం తిను. మా పాపకి పద్నాలుగేళ్ళు, ఆటిజం. పోయినేడు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. నొప్పని చెప్పలేదు, గోడకేసి తల కొట్టుకునేది. మేము అది మొండితనం అనుకుని రెండు రోజులు కోప్పడ్డాం. ఆ రెండు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నువ్వు నొప్పేమో అని ఆలోచిస్తున్నావు, అదే సగం పని.

మా డాక్టరమ్మ ఒక పద్ధతి చెప్పింది. మాట రాని పిల్లల నొప్పికి అయిదు చూడాలట: ముఖం, కాళ్ళు, ఒంటి కదలిక, ఏడుపు, మనం ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా లేదా. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం పదికి ఎంతో రాసుకోవాలి. మన పిల్లలకైతే వాళ్ళ సొంత గుర్తులు కూడా అందులో కలుపుకోవచ్చంది. మా పాపకి తల కొట్టుకోవడం కలిపాం. మీ బాబు నొప్పి వస్తే ఏం చేస్తాడో మామూలు రోజుల నుంచి గుర్తు తెచ్చుకో.

రిటైర్డ్ సిస్టర్ | మే 20, ఉదయం 6:10

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు ఎముకల వార్డులో చేశాను. వెంటనే ఇవి చూసి చెప్పు. కాలి వేళ్ళు పది కనిపిస్తున్నాయా? రంగు ఎలా ఉంది? గోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతోందా? వేళ్ళు చల్లగా ఉన్నాయా, ఉబ్బాయా? వేలిని నువ్వు మెల్లగా పైకి కదిపితే గట్టిగా ఏడుస్తున్నాడా? జ్వరముందా? చివరగా, ముక్కు కట్టు దగ్గర పెట్టి మడమ వైపు వాసన చూడు. సిగ్గుపడకు, మేము వార్డులో రోజూ చేసే పనే అది.

వేళ్ళు నీలంగానో పాలిపోయో చల్లగా ఉన్నా, కదిపితే భరించలేకపోతున్నా ఇక్కడ జవాబు రాస్తూ కూర్చోకు. ఆటో ఎక్కించు.

కావలి అమ్మ | మే 20, ఉదయం 7:25

చూశాను సిస్టర్. వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి, నొక్కితే రంగు తిరిగొస్తోంది. జ్వరం లేదు. కుడి మడమ దగ్గర కట్టు మీద పసుపుపచ్చగా మరక ఉంది, ఒక్క పక్కనే, తడిగా. రాత్రి నీళ్ళు ఒలికాయేమో అనుకున్నా. ఇప్పుడు వాసన చూస్తే ఎడమ కాలి దగ్గర సున్నం వాసన, కుడి కాలి దగ్గర వేరే వాసన. కుళ్ళిన పువ్వుల నీళ్ళలాగా.

వదినా, మా వాడు నొప్పి పుడితే చొక్కా కాలర్ నోట్లో పెట్టి కొరుకుతాడు. పళ్ళొచ్చినప్పటి నుంచీ అంతే. రాత్రి చొక్కా చూస్తే కాలరంతా నమిలేసి ఉంది.

రిటైర్డ్ సిస్టర్ | మే 20, ఉదయం 7:31

ఈ రోజే వెళ్ళు. రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. ఆపరేషన్ చేసిన చోటు దూరమైతే వాళ్ళకి ఫోన్‌లో చెప్పి, నెల్లూరులో ఎముకల డాక్టర్‌కి చూపించు. "కట్టు కింద మరక, వాసన" అని ఆ రెండు మాటలూ చెప్పు. నొప్పి అని మాత్రమే అంటే మళ్ళీ పెట్టేస్తారు.

పొదిలి నాన్న | మే 20, ఉదయం 8:15

అమ్మా, కారులో తీసుకెళ్తే వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టండి, మడమ సీటుకి ఆనకుండా పిక్కల కింద దుప్పటి చుట్ట పెట్టండి. ఆపరేషన్ కాగితాలు, ఫిట్స్ మందులు ఏవైనా వాడుతుంటే ఆ చీటీ వెంట ఉంచుకోండి. మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు ఇదే ఆపరేషన్. సాయంత్రం వివరంగా రాస్తాను.

కావలి అమ్మ | మే 20, రాత్రి 9:40

నెల్లూరు వెళ్ళొచ్చాం. డాక్టర్ మడమ దగ్గర కట్టుకి కిటికీలాగా నలుచదరంగా కోశారు. లోపల మడమ మీద రూపాయి బిళ్ళంత పుండు. చర్మం నల్లబడి, అంచుల్లో తడి. మూడు రోజులుగా నా బిడ్డ దాని మీదే బరువు వేసుకుని పడుకున్నాడు. నేనేమో మోకాలి కుట్లు నొప్పనుకుని సిరప్ పోస్తున్నా.

లోతు లేదన్నారు. రోజు మార్చి రోజు డ్రెస్సింగ్. మడమ గాల్లో ఉండాలన్నారు. సిస్టర్, మీకు దండం. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

పొదిలి నాన్న | మే 20, రాత్రి 10:30

మీ తప్పు కాదమ్మా. వాసన చూడాలని మాకూ ఎవరూ చెప్పలేదు, మా అమ్మాయికి ఆ ఇబ్బంది రాకపోవడం మా అదృష్టం.

పడుకోబెట్టే విధానం చెప్తాను. మనం ప్రేమకొద్దీ మోకాలి కిందే దిండు పెడతాం. అలా వద్దన్నారు మాకు, సాగదీసిన కండరం మళ్ళీ వంగడానికి అలవాటు పడుతుందట. దిండు పిక్క కింద ఉండాలి, మడమ దిండు చివర దాటి గాల్లో వేలాడాలి. మడమకీ పరుపుకీ మధ్య మన చెయ్యి దూరాలి. రాత్రి నేనూ మా ఆవిడా రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని పక్క మార్చేవాళ్ళం. ఒకరు భుజం, ఒకరు నడుము. ఒక్కరే తిప్పితే మీ నడుం పోతుంది, తర్వాత వాడిని చూసేవాళ్ళుండరు. మీ ఆయన్ని నిద్ర లేపండి, మొహమాటపడొద్దు.

బట్టల సంగతి. ఆ కట్ల మీద నిక్కరు ఎక్కదు. మా పాప పైజమాలకి టైలర్ రెండు పక్కలా కుట్లు విప్పి పైనుంచి కింద దాకా వెల్క్రో వేశాడు. మీ వాడికి లుంగీ చాలు.

ఉదయగిరి పెద్దాయన | మే 21, ఉదయం 6:20

అమ్మాయీ, ఆ కట్టు విప్పేసి వెచ్చని ఆముదం మర్దన చేస్తే పది రోజుల్లో నరాలు దారికొస్తాయి. మా ఊళ్ళో ఎంతోమందికి చేశాం. పుత్తూరు తీసుకెళ్ళినా మంచిదే.

ఫిజియో నెల్లూరు | మే 21, ఉదయం 7:05

పెద్దాయనా, మీరు మంచి మనసుతో చెప్పారు, కానీ ఈ బిడ్డ విషయంలో అది ప్రమాదం. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకి కట్టేది. ఇక్కడ ఎముక విరగలేదు. పొట్టిగా ఉన్న కండరాన్ని, మడమ వెనక స్నాయువుని (మనం మామూలుగా నరమనేది దీన్నే) కోసి పొడవు చేశారు. అది కొత్త పొడవులో అతుక్కోవాలంటే ఆరు వారాలు కదలకూడదు. ఇప్పుడు విప్పి మర్దన చేస్తే తెగిపోవచ్చు.

కావలి అమ్మగారూ, మీరు అడిగిన పెద్ద ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, పొరపాటు చేశామా అని. ఈ పిల్లల్లో ఎముక పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం పెరగదు. అందుకే పన్నెండు, పద్నాలుగేళ్ళకి ఒక్కసారిగా పొడుగు పెరిగేటప్పుడు మోకాళ్ళు ఇంకా వంగిపోతాయి, బరువూ పెరుగుతుంది. వంగిన మోకాళ్ళ మీద నిలబడి నిలబడి మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలై, ఎంతోమంది పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి వాకర్ వదిలేసి చక్రాల కుర్చీలోకి వెళ్ళిపోతారు. ఆ దారి మార్చడానికే ఆపరేషన్. అయితే దీని తర్వాత కండరం ముందు బలహీనపడుతుంది. కట్టు తీసిన రోజు మీ బాబు మునుపటికంటే అధ్వాన్నంగా ఉంటాడు. ఈ మాట ముందే మీ అత్తయ్యగారికి చెప్పండి, లేకపోతే ఆ రోజు ఇంట్లో మళ్ళీ గొడవ. బలం తిరిగి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది.

ఉదయగిరి పెద్దాయన | మే 21, ఉదయం 8:50

నాకు ఎముక విరిగిందనే అర్థమైంది. తెలియక చెప్పాను తల్లీ, ఆ మాట వదిలెయ్. బిడ్డ బాగుండాలి.

కావలి అమ్మ | మే 26, మధ్యాహ్నం 2:15

పుండు ఎండుతోంది. ఏడుపు సగం తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. వదిన చెప్పినట్టు నోటుబుక్‌లో గంట గంటకీ రాస్తున్నా. రాస్తుంటే ఒకటి తెలిసింది, వాడి ఏడుపులు మూడు రకాలు.

కాలర్ కొరికితే నొప్పి. ఇది ఇప్పుడు తక్కువ.

రెండోది నిద్ర పట్టే ముందు. కళ్ళు మూతలు పడతాయి, అంతలో కట్టుతో సహా కాలు ఝల్లుమని లేస్తుంది, వాడు భయంతో అరుస్తాడు. కాలర్ ముట్టుకోడు, నా చెయ్యి పట్టుకుంటాడు.

మూడోది అర్థం కావడం లేదు. సాయంత్రం ఆరింటికి, డైపర్ మార్చేటప్పుడు. మొహం గోడ వైపు తిప్పుకుని, శబ్దం లేకుండా కన్నీళ్ళు కారుస్తాడు. ముట్టుకుంటే చెయ్యి తోసేస్తాడు. పుండు తగిలిందేమో అని మూడుసార్లు చూశా.

ఇక్కడ రోహిణి కార్తె ఎండ. కరెంటు పోతే కట్టు లోపల దురదకి అల్లాడిపోతున్నాడు. స్కేలు పెట్టి గోకొచ్చా?

రిటైర్డ్ సిస్టర్ | మే 26, మధ్యాహ్నం 2:40

స్కేలు, అల్లిక సూది, పుల్ల, పౌడరు, ఏదీ లోపలికి వెళ్ళకూడదు. గీరుకున్న చోట చీము పడితే పైకి కనిపించదు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి పెట్టి అంచు నుంచి ఊదు. వేడిగాలి వద్దు. కరెంటు లేనప్పుడు తడిగుడ్డతో తొడల పైభాగం, నడుము, మెడ తుడువు, ఒళ్ళు చల్లబడితే దురద తగ్గుతుంది. కట్టు మాత్రం తడవకూడదు.

విరేచనం ఎన్ని రోజులకి అవుతోంది? కదలిక లేక, నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది. కడుపు బిగిస్తే కాళ్ళు ఇంకా బిగుస్తాయి. నీళ్ళు, మజ్జిగ బాగా పట్టు. మూడు రోజులు దాటితే డాక్టర్‌ని సిరప్ అడుగు.

ఫిజియో నెల్లూరు | మే 26, సాయంత్రం 4:10

రెండో ఏడుపు కండరాల ఈడ్పు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు సహజం. దానికి నొప్పి సిరప్ పని చేయదు, వేరే మందు ఉంటుంది. సర్జన్‌కి "నిద్ర పట్టే ముందు కాళ్ళు ఎగురుతున్నాయి" అని వీడియో తీసి పంపండి. ఇంతకుముందు కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్ లాంటివి వాడుతుంటే ఎవరు చెప్పినా ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ మందు కూడా అంతే. కాలు ఎగిరినప్పుడు గట్టిగా అదిమి పట్టకండి. తొడ మీద అరచెయ్యి బరువుగా ఆనించి ఉంచండి, దానంతటదే వదులుతుంది.

మూడోది నాకూ తెలియడం లేదు.

ఆత్మకూరు చెల్లెలు | మే 26, రాత్రి 8:05

నమస్తే ఆంటీ. నేను తల్లిని కాదు, ఇలాంటి అన్నయ్యకి చెల్లెల్ని. నాకిప్పుడు ఇరవై రెండు, అన్నయ్యకి పాతికేళ్ళు. మూడో ఏడుపు మా ఇంట్లో నాలుగేళ్ళు నడిచింది, అందుకే రాస్తున్నా.

ఆరింటికి డైపర్ మార్చేటప్పుడు గదిలో ఎవరెవరు ఉంటారు? తలుపు వేస్తారా?

మా అన్నయ్యకి పదమూడేళ్ళు దాటాక అమ్మ స్నానం చేయిస్తుంటే ఇలాగే గోడ వైపు తిరిగేవాడు. నేను హాల్లో చదువుకుంటూ ఉండేదాన్ని. అందరూ "వాడికేం తెలుసు, పసిబిడ్డ" అనేవాళ్ళు. మీసం వచ్చిన పసిబిడ్డ ఉంటాడా ఆంటీ? ఒకరోజు మా అత్త కూతురు వచ్చింది. అమ్మ అలవాటుగా తలుపు తీసి ఉంచింది. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. నాన్నకి అప్పుడు అర్థమైంది. మర్నాటి నుంచి స్నానం, బట్టలు నాన్నే.

కావలి అమ్మ | మే 26, రాత్రి 8:50

తలుపు వెయ్యం. హాల్లోనే మంచం వేశాం, ఫ్యానుకి దగ్గరని. ఆరింటికి మా పాప ట్యూషన్ నుంచి వస్తుంది, వాళ్ళ స్నేహితురాళ్ళు ఇద్దరు కూడా. అత్తయ్య మంచం పక్కనే టీవీ చూస్తుంటుంది.

మే 10కి ముందు వాడు బాత్రూమ్‌కి తనే వెళ్ళేవాడు. గోడ పట్టుకుని, పావుగంట పట్టినా సరే, నన్ను లోపలికి రానిచ్చేవాడు కాదు. నేను మర్చిపోయాను. ఆపరేషన్ పెట్టుకుని వాడిని మళ్ళీ చంటిపిల్లాణ్ణి చేసేశాను.

ఆత్మకూరు చెల్లెలు | మే 26, రాత్రి 9:00

మీరు చేయలేదు ఆంటీ, కట్టు చేసింది. తమ్ముడికి ఒక పని ఇవ్వండి. మా అన్నయ్యకి తడిగుడ్డ చేతికిచ్చి "నీ ముందు వైపు నువ్వే తుడుచుకో" అని మేము అటు తిరిగేవాళ్ళం. చేతులు బాగుంటే యూరిన్ బాటిల్ తనే పట్టుకోగలడు, పగలు డైపరే అక్కర్లేదు.

ఒంగోలు వదిన | మే 26, రాత్రి 9:20

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తల్లీ. మా పాపకి ఆపరేషన్ అయిన అయిదో రోజే నెలసరి వచ్చింది. మా తమ్ముడు గదిలో ఉండగానే నేను బట్ట మార్చబోయాను. అది నన్ను కొరికింది. ఇప్పుడు అర్థమవుతోంది ఎందుకో.

కావలి అమ్మ | జూన్ 2, ఉదయం 10:30

మంచం లోపలి గదిలోకి మార్చాం. వేడిగా ఉంది, టేబుల్ ఫ్యాన్ పెట్టాం. తలుపుకి కర్టెన్ వేసి, మా పాప దాని మీద "తలుపు కొట్టి రావాలి" అని అట్టముక్క రాసి అతికించింది. వాళ్ళ నాన్న ఆరింటికి డ్యూటీ నుంచి రాగానే ఆ పని ఆయనది. బాటిల్ వాడే పట్టుకుంటున్నాడు. రెండుసార్లు ఒలికింది, ఏమీ అనలేదు.

మూడో ఏడుపు ఆ రోజుతో ఆగిపోయింది. ఒక్కసారి కూడా లేదు, నోటుబుక్ చూసి చెప్తున్నా.

కాళ్ళు ఎగరడానికి సర్జన్ రాత్రి వేసే మందు రాశారు. నాలుగు గంటలు ఏకధాటిగా పడుకుంటున్నాడు.

పొదిలి నాన్న | జూన్ 2, మధ్యాహ్నం 1:00

చాలా సంతోషం అమ్మా. డబ్బు సంగతి కూడా రెండు ముక్కలు, ముందు ముందు పనికొస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ముందు నుంచీ ఉన్న వైకల్యమని తోసెయ్యరు. చేరకపోయి ఉంటే ఇప్పుడైనా చేరండి, ఫిజియోథెరపీ ఖర్చుకి ఆదుకుంటుంది. ప్రతి బిల్లూ దాచండి. రివ్యూకి రైల్లో వెళ్తే స్లీపర్‌లో బాబుకీ, తోడు వెళ్ళే ఒకరికీ 75 శాతం రాయితీ వస్తుంది, డాక్టర్ ఇచ్చే రాయితీ పత్రం ఉండాలి. కింది బెర్తే అడగండి. స్కూలు తెరిచాక మండలంలో ఇలాంటి పిల్లల చదువు కోసం ఉండే భవిత కేంద్రానికి వెళ్ళి మాట్లాడండి, బడికి రాలేని పిల్లలకి టీచర్ ఇంటికొచ్చే ఏర్పాటు ఉంటుంది.

కావలి అమ్మ | జూన్ 23, రాత్రి 10:10

నిన్న కట్లు తీశారు. ఫిజియో గారు చెప్పకపోయి ఉంటే నిన్న నేను కూలబడిపోయేదాన్ని. కాళ్ళు నా మణికట్టంత అయ్యాయి. చర్మం పొలుసులు పొలుసులుగా ఊడుతోంది. నిలబెట్టబోతే రెండు క్షణాలు కూడా నిలవలేదు, గుడ్డలా వాలిపోయాడు. మడమ పుండు మాత్రం మానింది, గులాబీ రంగు మచ్చ మిగిలింది.

అత్తయ్యకి ముందే చెప్పి ఉంచాను. ఆమె ఏమీ అనలేదు. వాడి పాదం ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనె దూదితో అద్ది, ఆ పొలుసులు ఒక్కొక్కటే తీస్తూ గంటసేపు కూర్చుంది. కుట్ల మీద చెయ్యి వెయ్యలేదు, నన్ను రెండుసార్లు అడిగింది ఎక్కడి దాకా రాయొచ్చని.

ఫిజియో నెల్లూరు | జూన్ 24, ఉదయం 7:15

పొలుసులు గోటితో లాగకుండా అలా నానబెట్టి తీయడమే సరైంది. ఇప్పుడు ముఖ్యమైంది రాత్రిపూట కాళ్ళు తిన్నగా ఉంచే గైటర్లు. ఇంకా పొడుగు పెరిగే వయసు కాబట్టి ఇవి మానేస్తే మళ్ళీ బిగుసుకునే అవకాశం ఉంది. వ్యాయామం రోజుకి రెండు పూటలు, ఇరవై నిమిషాలు మించకుండా. కట్టులో ఉన్న ఎముక కొంత పెళుసుబారుతుంది, ఫిట్స్ మందు వాడే పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. అందుకని మోకాలిని బలవంతంగా వంచనివ్వకండి, ఎత్తేటప్పుడు పాదం పట్టుకుని లాగకండి. విటమిన్ డి పరీక్ష చేయించమని సర్జన్‌ని అడగండి.

వాడు ఒప్పుకోని రోజు ఉంటుంది. పదిహేనేళ్ళ కుర్రాడు కదా. ముందు ఏ కాలు చేయాలో వాడినే చూపించమనండి.

కావలి అమ్మ | ఆగస్టు 11, సాయంత్రం 6:45

చాలా రోజులైంది రాసి. జూలై అంతా కష్టంగా గడిచింది. వ్యాయామం టైముకి దుప్పటి ముసుగేసుకునేవాడు. కాలు వాడినే చూపించమన్నాక కొంత మెరుగు. ఎప్పుడూ ఎడమ కాలే చూపిస్తాడు, కుడి మడమంటే ఇంకా భయం.

ఈ రోజు పొద్దున కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ నాన్న వెనక నడుము దగ్గర చేతులు పెట్టాడు, పట్టుకోలేదు. మా పాప ఫోన్‌లో లెక్కపెట్టింది, 40 సెకన్లు. మోకాళ్ళు పూర్తిగా తిన్నగా కాదు కానీ మునుపటి వంపు లేదు. ఎప్పుడూ వాడి తల నా భుజం దాకా వచ్చేది. ఈ రోజు నా చెవి దాకా వచ్చింది. వీధిలో పాలాయన బండి ఆపి వాడిని చూసి చెయ్యి ఊపాడు. వీడు చెయ్యి వదల్లేడు కదా, "నా" అని గట్టిగా అరిచాడు.

సిస్టర్, వదిన, పొదిలి అన్న, ఫిజియో గారు, ఆత్మకూరు అమ్మాయి, అందరికీ చెప్పాలని రాశాను.

ఒక సహాయం కావాలి. కుడి కాలి గైటర్‌కి వెల్క్రో పట్టు పోయింది, రాత్రి ఊడిపోతోంది. కొత్తది తెప్పించాలంటే పది రోజులన్నారు. అన్ని రోజులు ఆపొచ్చా?

ఫిజియో నెల్లూరు | ఆగస్టు 11, రాత్రి 7:20

40 సెకన్లా! వీడియో ఉంటే పంపండి అమ్మా. గైటర్ మాత్రం పది రోజులు ఆపొద్దు.

పొదిలి నాన్న | ఆగస్టు 11, రాత్రి 7:35

చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. బ్యాగులకి వేసే రెండంగుళాల వెల్క్రో వాళ్ళ దగ్గరే ఉంటుంది, మందపాటి దారంతో రెండు వరసలు కుట్టమనండి. లోపల చర్మానికి తగిలే వైపు ముడి రాకుండా చూసుకోండి, మడమ వైపు ముఖ్యంగా.

కావలి అమ్మ | ఆగస్టు 11, రాత్రి 7:50

రేపు పొద్దున్నే వాళ్ళ నాన్న తీసుకెళ్తారు. ఈ రాత్రికి చున్నీతో కడతాను.

రిటైర్డ్ సిస్టర్ | ఆగస్టు 11, రాత్రి 7:55

చున్నీ వదులుగా కట్టు. కట్టాక వేళ్ళ రంగు చూడు.